నీటి సంఘం మీటింగుకి కొత్తగా వెళ్లేవాళ్లు ఎలా మాట్లాడాలి?

ప్రశ్న: శివారు చేను (కాట్రేనికోన వైపు)

అందరికీ నమస్కారమండీ. నాన్నగారు పోయాక పొలం నా మీద పడింది. మూడెకరాల వరి చేను, ఇంటి దొడ్డిలో కాస్త కొబ్బరి. ఇంతకాలం హైదరాబాద్‌లో ఉద్యోగం చేశాను. కౌలుకి ఇచ్చేసి అక్కడే ఉండిపొమ్మని చుట్టాలందరూ చెప్పారు గానీ నాకు మనసొప్పలేదు. ఈ సార్వా (వానాకాలం పంట) నుంచి నేనే చేయిస్తున్నాను.

మాది గోదావరి సెంట్రల్ డెల్టాలో అట్టడుగు. బొబ్బర్లంక దగ్గర కాలువలోకి దిగిన నీరు దారిలో ఉన్న లాకులూ ఊళ్లూ అన్నీ దాటి, మిగిలితే మా బోదెలోకి, అంటే చేలకి నీరు తెచ్చే చిన్న కాలువలోకి వస్తుంది. ఆ బోదె మీద కూడా మాదే చివరి చేను. ఎగువన ఊడ్పులైపోయి చేలు పచ్చబడ్డాక కూడా మా నారు మడిలోనే ముదురుతూ ఉంటుంది. అక్టోబరులో గట్టి వాన పడితే కష్టం ఇంకోలా వస్తుంది. మురుగు కాలువ నిండిపోయి, సముద్రం పోటు మీదుంటే నీరు వెనక్కి తన్ని చేలోనే నిలిచిపోతుంది. కావాల్సినప్పుడు నీళ్లుండవు, వద్దన్నప్పుడు వదలవు.

అందుకే కిందటి నెల నీటి సంఘం మీటింగుకి వెళ్లాను. సొసైటీ గోడౌను ముందు కుర్చీలు వేశారు. వచ్చినవాళ్లంతా నాన్నగారి ఈడువాళ్లే, ఆడవాళ్లలో నేనొక్కదాన్నే. వాళ్లు మాట్లాడుకునేది సగం అర్థమైంది, సగం కాలేదు. "క్లోజర్‌లో పెట్టిన పని", "వంతు తప్పింది", "ఆ తూము సంగతి పోయినసారే తేల్చాం కదా" అంటూ ఎప్పటినుంచో నడుస్తున్న మాటలు. నా సంగతి ఎక్కడ ఎత్తాలో తెలియలేదు. నాన్నగారి స్నేహితుడొకాయన, నేను బాబాయ్ అని పిలుస్తాను, "నువ్వు కూర్చోమ్మా, మేం చూసుకుంటాంగా" అన్నారు. ప్రేమగానే అన్నారు. కానీ మీటింగు అయ్యేదాకా మా బోదె ఊసు ఎవరి నోటా రాలేదు.

సార్వా అయ్యాక మళ్లీ మీటింగు ఉంటుందంటున్నారు. ఈసారి మాట్లాడాలి. కొత్తగా వెళ్లినవాళ్లు ఎన్నాళ్లు వినాలి, ఎప్పుడు నోరు విప్పాలి? ఎవరైనా తప్పు చెబుతున్నారని నాకు తెలిస్తే మధ్యలో అనొచ్చా? ఇంకో ఇబ్బంది కూడా ఉంది. బోదెకి ఎగువన చేపల చెరువులున్నాయి, వాటిలోకి రాత్రిళ్లు ఇంజను పెట్టి నీళ్లు తోడతారని ఊళ్లో అందరూ అనుకుంటారు. ఆ చెరువులాయన మీటింగులో ముందు వరసలోనే కూర్చుంటారు. ఇదంతా వదిలేసి నేరుగా ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి దగ్గరికి వెళ్లిపోవచ్చా? మర్యాద తప్పకూడదు, పనీ కావాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


జవాబు: కాలవ గట్టు (అమలాపురం కాలువ కింద రైతు)

మంచి ప్రశ్న వేశారమ్మా. నేను గతంలో ఒక సంఘంలో టీసీ (ప్రాదేశిక నియోజకవర్గం) సభ్యుడిగా చేశాను. కొత్తవాళ్లు మాట్లాడటం, పాతవాళ్లు వినకపోవడం రెండూ దగ్గర్నుంచి చూశాను. కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా, ఆ మీటింగుకి మీరు చుట్టపుచూపుగా వెళ్లలేదు. 1997లో చట్టం చేసి సాగునీటి నిర్వహణలో రైతులకి చోటిచ్చారు. కాలువ కింద భూమి ఉన్న రైతు సంఘంలో సభ్యుడే. నాన్నగారి పేరు మీదున్న భూమి మీ పేరుకి మారిందా? మారకపోతే మిగతా పనులన్నీ పక్కనపెట్టి ముందు అది చూడండి. జాబితాలో పేరు లేనివాళ్ల మాట తీసేయడం చాలా తేలిక.

సంఘం పరిధిని టీసీలుగా విడగొడతారు. ఒక్కో టీసీకి ఒక సభ్యుడు ఉంటాడు. 2024 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి కాబట్టి మీ చేను ఏ టీసీలో ఉందో, సభ్యుడెవరో ఊళ్లో అడిగితే చెబుతారు. మీటింగుకి ముందే ఆయన ఇంటికి వెళ్లండి. "నేను ఫలానా వారి అమ్మాయినండి, ఇకనుంచి పొలం నేనే చూస్తున్నాను, మా బోదె సంగతి మీతో మాట్లాడదామని వచ్చాను" అనండి. అందరి ముందూ హఠాత్తుగా లేచి అడిగితే ఆయన జవాబు చెప్పుకోవాల్సిన మనిషి అవుతాడు. ముందే చెబితే మీ తరఫున మాట్లాడే మనిషి కావచ్చు. కాకపోయినా, నాకు చెప్పలేదని అనలేడు.

ఎన్నాళ్లు వినాలని అడిగారు. మీటింగులో వినేదానికన్నా గట్టు మీద వినేది ఎక్కువ పనికొస్తుంది. మీ చేను దగ్గర మొదలుపెట్టి, కాలువ నుంచి బోదెలోకి నీరు వదిలే తూము దాకా బోదె వెంట నడవండి, ఒక ముసలాయన్ని వెంటబెట్టుకుని. మీ బాబాయ్ గారే అయితే ఇంకా మంచిది. ఇక్కడ గట్టు ఎప్పుడు తెగింది, ఈ అడ్డుకట్ట ఎవరు వేశారు, ఏ ఒప్పందం మీద వేశారు, బోదె ఎక్కడ సన్నబడింది, ఎవరి చేలో కలిసిపోయింది, ఇవన్నీ ఆయనే చెబుతారు. మీటింగులో సగం మాటలు అర్థం కాలేదన్నారే, అవి ఈ గట్టు మీద జరిగిన కథలే. సంఘం దగ్గర తీర్మానాల పుస్తకం ఉంటుంది. చూస్తానని అడగండి. మీ తూము గురించి ఇదివరకే ఒక తీర్మానం ఉంటే, మీరు కొత్తగా అడగక్కర్లేదు, అది ఏమైందని అడిగితే చాలు.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు లేక, కూలి పెరిగి, మురుగు కాలువలు బాగుచేయక ఏటా ముంపుతో విసిగిపోయి చేలు బీడు పెట్టారు. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది అప్పుడు ఉన్నవాళ్లే. పట్నం నుంచి వచ్చి "మీరంతా కలిసికట్టుగా అడిగితే ఎందుకు చేయరు?" అంటే వాళ్లకి కష్టంగా ఉంటుంది. అడిగారు. గట్టిగానే అడిగారు. మీరు అలా అంటారని కాదు, కొత్తగా వచ్చిన కుర్రాళ్లు తరచూ ఇలా మొదలుపెట్టి మొదటి నిమిషంలోనే సభని పోగొట్టుకుంటుంటే చూసి చెబుతున్నాను.

ఏ మాట ఏ మీటింగుదో కూడా తెలియాలి. కాలువలో నీళ్లు పారుతుండగా పూడిక తీయమంటే ఎవరూ చేయలేరు. దాళ్వా (రెండో పంట) అయ్యాక, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే ఆ పనులు. దాన్నే క్లోజర్ అంటారు. దానికి అంచనాలు ముందే వేస్తారు. కాబట్టి పూడిక, పైపు మార్చడం, గట్టు కట్టడం లాంటివి అంచనాలకి ముందు జరిగే మీటింగులో ఎత్తాలి. వంతుల మాట, అంటే ఎవరికి ఏ రోజు నీరివ్వాలన్నది, దాళ్వా ముందు మీటింగుది. దాళ్వాకి గోదావరిలో సహజంగా వచ్చే నీరు తగ్గిపోతుంది, సీలేరు నుంచి వదిలే నీటి మీద ఆధారపడాలి. ఎంత ఆయకట్టుకి ఇవ్వాలి, వంతులు ఎప్పటినుంచి అన్నది జిల్లాలో సలహా మండలి సమావేశంలో తేలుస్తారు. అది తేలిపోయాక ఊరి సంఘంలో కేకలేసి లాభం లేదు, ముందే మీ సంఘం అధ్యక్షుడి చెవిన వేయాలి. ఇక ముంపు సంగతి. కాలువలు ఒక విభాగం ఇంజనీర్ల చేతిలో, డ్రెయిన్లు ఇంకో విభాగం చేతిలో ఉంటాయి. కాలువ ఏఈ గారిని పట్టుకుని డ్రెయిన్ గురించి అరిస్తే ఆయన తల ఊపి వెళ్లిపోతారు. మీ రెండు కష్టాలూ రెండు వేరు వేరు కాగితాల మీద రాసుకోండి. ఒకేసారి రెండూ ఎత్తొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. "మా చేనుకి నీళ్లు రావట్లేదండీ" అంటే ఆ మాట ప్రతి మీటింగులో శివారు రైతులందరూ అనేదే. విని విని అలవాటైపోయింది, చెవికెక్కదు. మీరు ఇలా చేయండి. మీ వంతు వచ్చిన రోజు తూము దగ్గరికి వెళ్లండి. కాలువ వైపు నీరు ఎంత ఎత్తులో ఉంది, బోదె వైపు ఎంతలో ఉంది, రెండూ చూడండి. ఫోనులో రెండు వైపులా ఫొటో తీయండి. చాలామంది ఎండిన చేను ఫొటో తెస్తారు. అది చూస్తే జాలి కలుగుతుంది గానీ లోపం ఎక్కడుందో తెలియదు.

కాలువ వైపు నిండుగా ఉండి, బోదె వైపు అడుక్కి ఉంటే లోపం తూములో ఉన్నట్టు. పైపు పూడుకుపోయిందో, తూడూ గుర్రపుడెక్కా మూతికి అడ్డం పడ్డాయో, షట్టరు పూర్తిగా లేవట్లేదో. రెండు వైపులా నిండుగానే ఉండి మీ చేను దగ్గరికి రాకపోతే, లోపం బోదెలో. పూడిక కావచ్చు, మధ్యలో అడ్డుకట్ట కావచ్చు, ఎవరో తోడుకుంటూ ఉండొచ్చు. కాలువ వైపే తక్కువగా ఉందనుకోండి, అప్పుడు మీ బోదెలోనూ మీ తూములోనూ ఏ తప్పూ లేదు. పైనుంచే రావట్లేదు. ఆ మాట మీ సంఘం పై కమిటీకి, ఏఈ గారికి చెప్పాలి. చూశారా, పైకి ఒకటే మాట, "నీళ్లు రావట్లేదు". కానీ ఒకదానికి జవాబు చెప్పాల్సింది కాలువనీ తూములనీ చూసుకునే లస్కరు, ఒకదానికి మీ బోదె రైతులు, ఒకదానికి ఇంజనీరు. ఎవరిని అడుగుతున్నారో తెలిసి అడిగితే ఆ మనిషి తప్పించుకోలేడు. మిగతావాళ్లకి కూడా, ఈ అమ్మాయి చూసి వచ్చి మాట్లాడుతోందని తెలుస్తుంది. కొత్తమనిషికి గౌరవం వచ్చేది ఇక్కడే.

తప్పు చెబుతుంటే మధ్యలో అనొచ్చా అన్నారు. ఆ తప్పు మీద అప్పటికప్పుడు ఒక నిర్ణయం జరగబోతుంటే తప్పకుండా అనండి. "నేను చూసినప్పుడు ఇలా ఉందండీ, ఒకసారి కనుక్కుని రాస్తే బాగుంటుందేమో" అనండి, చాలు. నిర్ణయం ఏమీ లేక, పెద్దాయన ఎప్పటిదో సంవత్సరం తప్పు చెబితే వదిలేయండి.

చెరువులాయన సంగతి. "ఊళ్లో అందరూ అనుకుంటారు" అన్నదాన్ని మీటింగులో ఎత్తొద్దు. అనుకునేవాళ్లలో ఒక్కరు కూడా మీ వెనక లేచి నిలబడరు. తూము పేరు చెప్పండి, మనిషి పేరు చెప్పొద్దు. "తూము దగ్గర నిండుగా ఉంది, మా దగ్గర లేదు, మధ్యలో ఎక్కడ పోతోందో టీసీ సభ్యుడు గారూ లస్కరూ మాతోపాటు ఒకసారి బోదె నడిచి చూడాలి" అని అడగండి. నడిచినప్పుడు పైపు ఉంటే అందరికీ కనిపిస్తుంది. అప్పటికీ తీయకపోతే సర్వే నంబరు వేసి కాగితం మీద ఫిర్యాదు ఇవ్వండి. అందులో మొహమాటం అక్కర్లేదు. నీరు దొంగిలించడాన్ని మర్యాద పేరు చెప్పి మింగేయమని నేను చెప్పను.

ఏఈ గారి దగ్గరికి వెళ్లడం తప్పేమీ కాదు. కానీ ముందు సంఘంలో పెట్టి, జరగకపోతే వెళ్లండి.


జవాబు: కౌలు సేద్యం (రామచంద్రపురం వైపు)

చెల్లెమ్మా, అన్నయ్యగారు చెప్పిందంతా బాగుంది. ఆడవాళ్లుగా వెళ్లేదానికి రెండు మాటలు నేను చెబుతాను. మేము కౌలుకి చేసుకునేవాళ్లం. భూమి మాది కాదు, జాబితాలో పేరుండదు, కానీ రాత్రి పూట బోదె గట్టు మీద నీళ్లు పెట్టుకునేది మేమే. ఆ మీటింగుల్లో మమ్మల్ని అడిగేవాళ్లు లేరు. అయినా వెళ్తున్నాను.

వెనక కూర్చోవద్దు. మగవాళ్లంతా ముందు కూర్చుని మనకి గోడ పక్కన కుర్చీ వేస్తారు. అక్కడినుంచి మాట్లాడితే వినపడదు, వినపడినా ఎవరో గుసగుసలాడుతున్నట్టే ఉంటుంది. కాస్త ముందుగా వెళ్లి పక్క వరసలో, అధ్యక్షుడికి కనబడేలా కూర్చోండి. డ్వాక్రా మీటింగుల్లో మనం అంత బాగా మాట్లాడతాం కదా, అప్పు కిస్తీల దగ్గర బ్యాంకువాళ్లతో కూడా వాదిస్తాం. ఇక్కడ మాత్రం నోరు ఎందుకు పెగలదంటే అక్కడ మన పక్కన మనవాళ్లుంటారు. కాబట్టి ఒంటరిగా వెళ్లొద్దు. మీ బోదె కింద ఇంకెవరి చేను ఎండుతోందో, వాళ్లింట్లో ఆడమనిషినో మగమనిషినో ఒకరిద్దర్ని తీసుకెళ్లండి. వాళ్లు మాట్లాడకపోయినా ఫరవాలేదు.

మీ బాబాయ్ గారిని కాదనొద్దు. "బాబాయ్, మీరు నన్ను పరిచయం చెయ్యండి, విషయం నేను చెబుతాను" అని ముందు రోజే అడగండి. ఆయనకి పెద్దరికం దక్కుతుంది, మీకు మాట దక్కుతుంది. ఆయన మీ బదులు మాట్లాడేస్తే మాత్రం వచ్చే మీటింగుకి కూడా ఆయనే మాట్లాడతారు, గుర్తుంచుకోండి.

నేను గమనించింది ఇంకొకటుంది. మనం మన సంగతి చెప్పి, అది అవగానే లేచి వచ్చేస్తే జనానికి నచ్చదు. వాళ్ల సంగతులు కూడా కూర్చుని వినాలి. నిజంగా వినాలి. వేరే బోదెవాళ్ల కష్టం మీకు తెలిసినదైతే "అవునండి, నేను ఆ దారినే వెళ్తాను, అక్కడ గట్టు దిగిపోయింది" అని ఒక్క మాట సాయం పలకండి. మీ వంతు వచ్చినప్పుడు వాళ్లు పలుకుతారు. నేను అలా ఒకసారి ఎవరి గట్టు గురించో చెప్పాను, ఆయనే ఇప్పుడు నన్ను చూస్తే "రా అమ్మా, కూర్చో" అంటాడు.

చివర్లో, రాసేవాళ్ల దగ్గరికి వెళ్లి మీ మాట పుస్తకంలో ఎక్కిందో లేదో చదివించుకోండి. నాకు చదువు తక్కువ, అయినా అడుగుతాను. మీరు చదువుకున్నారు, మీకేం భయం.


జవాబు: లాకుల దగ్గర (రిటైర్ అయిన లస్కరు)

నమస్తే అమ్మా. నేను చాలా ఏళ్లు కాలువ మీద లస్కరుగా చేసి దిగిపోయాను. పై ఆయన చెప్పిన రెండు వైపుల నీటిమట్టం సంగతి ముమ్మాటికీ నిజం. కానీ ఒక్కసారి చూస్తే చాలదు. పొద్దున్న ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి చూడండి. ఇంజన్లు రాత్రిపూట తిరుగుతాయి. పగలు బాగున్నది తెల్లారేసరికి దిగిపోతే కారణం వేరు. రాత్రి ఒక్కరూ వెళ్లకండి, పాములుంటాయి, బ్యాటరీ లైటు, తోడు ఉండాలి.

షట్టరు మీద చెయ్యి మాత్రం వేయొద్దు. పక్కవాళ్లు ఎత్తుకుంటున్నారు కదా అని రాత్రి మీరు ఎత్తారనుకోండి, తెల్లారేసరికి మీరు పెట్టిన కష్టమంతా పోతుంది. మీటింగులో మీ మాట కాదు, మీరు ఎత్తిన షట్టరు గురించి మాట్లాడతారు.

ఏఈ గారి విషయంలో అయ్యగారితో నాకు కొంచెం తేడా ఉంది. సంఘంలో పెట్టే ముందు కూడా ఒక మెట్టు ఉంది. మీ కాలువ మీద లస్కరుని, వర్క్ ఇన్‌స్పెక్టరుని ముందు కలవండి. చిన్న పనులు అక్కడే అయిపోతాయి. తూము మూతికి అడ్డం పడ్డ తూడు తీయడానికి తీర్మానం దేనికమ్మా? మమ్మల్ని ఎవరూ అడగరు, నేరుగా మీటింగులో లస్కరు పట్టించుకోవట్లేదు అంటారు. ఆ మాట విన్న మనిషికి మీ తూము దగ్గరికి వెళ్లబుద్ధి అవుతుందా? లస్కర్లు ఇప్పుడు తక్కువ మంది, ఒక్కొక్కరికీ చూడాల్సిన కాలువ ఎక్కువ. ఆ కష్టం కూడా మీకు తెలియాలి.

తూముల లెక్కకి గట్టు ముఖ్యం. కొత్తవాళ్లు ఇక్కడ తడబడతారు. నీరు పారే వైపుకి మొహం పెట్టి నిలబడితే మీ ఎడమ చేతి వైపు ఎడమ గట్టు, కుడి చేతి వైపు కుడి గట్టు. మీరు ఊరి వైపు నుంచి చూసి చెబితే తిరగబడిపోతుంది. గట్టు, తూము నంబరు, దగ్గర్లో కిలోమీటరు రాయి, ఈ మూడూ చెబితే ఆఫీసులో కూర్చున్నవాళ్లు కూడా మ్యాపులో వేలు పెట్టి చూపిస్తారు.

పని అయ్యాక వచ్చి చెప్పండి. అయ్యిందని చెప్పినవాళ్లు నా నౌకరీలో చాలా తక్కువ మంది. చెప్పినవాళ్ల తూము నాకు ఇప్పటికీ గుర్తుంది.


శివారు చేను:

అందరికీ ధన్యవాదాలండీ. మీరు చెప్పినట్టే బాబాయ్‌ని వెంటబెట్టుకుని తూము దాకా నడిచాను. ఆయనకి ఇంత తెలుసని నాకు తెలియదు. వంతు రోజు పొద్దున్న చూస్తే కాలువ వైపు నిండుగా ఉంది. బోదె వైపు దానికన్నా జానెడు పైనే కిందికి ఉంది. రాత్రి బాబాయ్ వాళ్ల అబ్బాయితో వెళ్లి చూశాను, అలాగే ఉంది. షట్టరు రాడ్డు వంగిపోయి సగంలోనే ఆగిపోతోంది. లస్కరు గారిని కలిశాను. "ఇది నా చేతుల్లో లేదమ్మా, కొత్త రాడ్డు కావాలి, నేను చెప్పాను" అన్నారు. అంటే ఇన్నాళ్లూ ఊళ్లో చెరువుల మీద పెట్టిన మాట, కనీసం మా బోదె వరకు, సరైనది కాదేమో.

మీటింగులో ఇలా చెబుదామనుకుంటున్నాను, చూసి దిద్దండి:

"నమస్కారం. మా తూము చాలాకాలంగా పాడైపోయి ఉంది, ఎవరూ పట్టించుకోవడం లేదు. దీనివల్ల శివారు రైతులమంతా నష్టపోతున్నాం. మురుగు కాలువ కూడా బాగుచేయించాలి. దయచేసి వెంటనే చర్య తీసుకోవాలి."


కాలవ గట్టు:

చాలా సంతోషం అమ్మా. చూశారుగా, మనిషి పేరు ఎత్తకపోవడం ఎంత మంచిదైందో. ఎత్తి ఉంటే ఆయనకి మీరు జన్మంతా బాకీ పడేవారు.

మీరు రాసిందాంట్లో "ఎవరూ పట్టించుకోవడం లేదు" తీసేయండి. లస్కరు పైకి చెప్పానంటున్నాడు, అది అబద్ధం ఎందుకు కావాలి? మురుగు కాలువ మాట ఈ కాగితంలోంచి తీసేసి వేరేగా రాయండి. "వెంటనే చర్య" అంటే ఎవరు, ఏం చేయాలి? అది చెప్పలేదు. తూము కింద ఎంత భూమి ఉందో, ఎంతమంది రైతులున్నారో టీసీ సభ్యుణ్ని అడిగి తెలుసుకుని వేయండి. మీ మూడెకరాల కోసం అడగడం వేరు, ఆ తూము కింద అందరి కోసం అడగడం వేరు. ఇలా అనండి:

"అందరికీ నమస్కారమండీ. నేను ఫలానా వారి అమ్మాయిని, ఈ సార్వా నుంచి పొలం నేనే చేయిస్తున్నాను. కుడి గట్టున ఫలానా నంబరు తూము కింద ఇన్ని ఎకరాలు, ఇంతమంది రైతులం. వంతు రోజు పొద్దున్నా రాత్రీ చూశాం. కాలువ వైపు నిండుగా ఉంది, బోదె వైపు జానెడు పైనే తక్కువ. షట్టరు రాడ్డు వంగి సగంలో ఆగుతోంది. లస్కరు గారు పైకి చెప్పానన్నారు. దాళ్వా వంతులు మొదలయ్యేలోపు రాడ్డు మార్పించేలా ఏఈ గారికి రాయాలని ఈ మీటింగులో తీర్మానం చేయమని కోరుతున్నాను. ఫొటోలు ఇవిగో."

గట్టూ నంబరూ మీవి సరిచూసుకుని వేసుకోండి. తీర్మానం అనేసరికి ఎవరో ఒకరు "అంత అవసరమా, మాట చెబుతాంలే" అంటారు. అప్పుడు కోపం తెచ్చుకోవద్దు. "మీరు మాట చెప్పండి, పుస్తకంలో కూడా ఒక ముక్క ఉంటే మాకు ధైర్యంగా ఉంటుందండీ" అని కూర్చోండి.


లాకుల దగ్గర:

రాడ్డు మార్చడానికి క్లోజర్ దాకా ఆగక్కర్లేదమ్మా, నీళ్లున్నా మార్చొచ్చు. వేసవిలో చూద్దాం అని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి. పైపు కూడా పాడైందేమో క్లోజర్‌లో కాలువ ఎండినప్పుడు దిగి చూడాలి, అది మాత్రం ఇప్పుడు తెలియదు.


కౌలు సేద్యం:

చెల్లెమ్మా, ఆ కాగితం రెండు కాపీలు తీసుకెళ్లు. ఒకటి అధ్యక్షుడికి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకో. మురుగు కాలువ కాగితం ఆ రోజు బయటికి తీయొద్దు.